చచ్చిన కోడిని, జబ్బు పందిని ల్యాబ్‌కి చూపించడం ఎలా: శాంపిల్ తీయడం నుంచి రిపోర్టు చదవడం దాకా

"సార్, కార్జం మీద పెరుగు పూసినట్టు తెల్లగా ఉంది. ఏ మందు ఎయ్యమంటారు?"

పాకాల నుంచి, పుంగనూరు నుంచి, శ్రీకాళహస్తి పక్క పల్లెల నుంచి ఇదే ఫోను. నేను అడిగేదీ ఒకటే: ల్యాబ్‌కి పంపినారా? "పంపినాం సార్, ఏమీ రాలేదన్నారు" అంటారు. ఎట్లా పంపినారని కొంచెం తవ్వితే అసలు సంగతి బయటపడుతుంది. మూడు రోజులు మందు తాపిన తరువాత, పొద్దున చచ్చిన కోడిని సాయంత్రం మోపెడ్ హ్యాండిల్‌కి క్యారీబ్యాగులో తగిలించి, మే నెల ఎండలో తిరుపతికి తెచ్చి ఉంటారు. అందులో రోగం తెచ్చిన క్రిమి ఎప్పుడో పోయి ఉంటుంది, కుళ్ళబెట్టే క్రిములు మాత్రం కోట్లలో ఉంటాయి. ల్యాబ్ వాళ్ళు మాత్రం ఏం చేస్తారు?

చాలా ఏళ్ళు ఆ బల్లకు అవతలి పక్క కూర్చుని డబ్బాలు విప్పినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను. రిపోర్టు బాగుండాలంటే ముందు శాంపిల్ బాగుండాలి. తిరుపతిలో 1955 నుంచి పశువైద్య కళాశాల ఉంది, 2005లో శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం ఏర్పడింది. పందుల మీద అక్కడ ప్రత్యేకంగా పరిశోధన కేంద్రమే నడుస్తోంది. ఇంత దగ్గరలో ఇన్ని వసతులు పెట్టుకుని మనం మందుల షాపులో "అందరూ ఇదే వాడతాన్నారు" అన్న మాట మీద బ్యాచ్ నడుపుతున్నాం.

మొదట ఇది చదవండి: కోయకూడని సందర్భాలు

కింది మూడింటిలో ఏది కనిపించినా కత్తి ముట్టుకోవద్దు. శాంపిల్ మీరు తీయొద్దు, ఎక్కడికీ తీసుకెళ్ళొద్దు. మీ పశువైద్యుడికి గానీ 1962కి గానీ ఫోన్ చేసి, షెడ్డులోకి మనుషుల రాకపోకలు ఆపేయండి.

ఒకటి, కోళ్ళు గుంపులు గుంపులుగా, నిన్న పది, ఈరోజు మూడొందలు అన్నట్టు చావడం. తల వాచి, జుట్టు, కాళ్ళు నీలంగా మారితే మరీ అనుమానం. 2024 ఫిబ్రవరిలో మన పక్కనున్న నెల్లూరు జిల్లాలో, 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో వచ్చిన బర్డ్ ఫ్లూ గుర్తుంది కదా. ఆ శాంపిల్ తీసే తీరు వేరు, అది వెళ్ళే చోటు వేరు: భోపాల్లోని హై సెక్యూరిటీ ల్యాబ్. అది ప్రభుత్వ పశువైద్యుల పని.

రెండు, పందులు పెద్దా చిన్నా తేడా లేకుండా గట్టి జ్వరంతో పడిపోయి, చెవులు, పొట్ట కింద చర్మం ఎర్రగా, ఊదాగా మారి వరసగా చావడం. ఇది ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ కావచ్చు. 2020లో అస్సాం, అరుణాచల్ ప్రదేశ్‌లలో మొదట బయటపడి దేశంలోకి దిగింది. మనుషులకు అంటదు, కానీ పందికి టీకా గానీ మందు గానీ మన దగ్గర లేవు. మామూలు స్వైన్ ఫీవర్ కూడా చూడ్డానికి ఇట్లాగే ఉంటుంది. కంటితో చూసి ఇది బ్యాక్టీరియానా, వైరస్సా అని ఎంత అనుభవం ఉన్న డాక్టరైనా తేల్చలేడు.

మూడు, పంది గొంతు వాచి, హఠాత్తుగా చచ్చి, ముక్కులోంచో ఆసనంలోంచో గడ్డకట్టని నల్లటి రక్తం కారడం. ఆంత్రాక్స్ అనుమానం. కళేబరం కోస్తే ఆ క్రిమి గాలి తగిలి గట్టి గింజలాగా మారి, మట్టిలో పదుల ఏళ్ళు బతుకుతుంది. చెవి సిర దగ్గర ఒక్క చుక్క రక్తంతో డాక్టరు గాజు పలక మీద పూత తీసి చూస్తాడు. కోయాల్సిన పనే లేదు.

కావలసినవి

మెడికల్ షాపులో దొరికేవి: రబ్బరు గ్లౌజులు (రెండు జతలు తొడుక్కోండి), మాస్కు, సర్జికల్ స్పిరిట్, కొత్త బ్లేడ్లు, ఎర్ర మూత రక్తం ట్యూబులు, ఊదా మూత ట్యూబులు, సిరంజీలు, మూత గట్టిగా పట్టే స్టెరైల్ యూరిన్ డబ్బాలు. ఈ యూరిన్ డబ్బాలకు మించిన సాధనం లేదు. చవక, శుభ్రం, కారవు.

ల్యాబ్ నుంచి గానీ మీ డాక్టరు దగ్గర నుంచి గానీ ముందే తెచ్చిపెట్టుకోవలసినవి: ట్రాన్స్‌పోర్ట్ మీడియం ఉన్న స్వాబులు (శాంపిల్ తీసే దూది పుల్లలు), నాలుగైదు గాజు స్లైడ్లు. మామూలు పొడి దూది పుల్లలో క్రిమి గంటల్లో ఎండి చస్తుంది. మీడియం అంటే స్వాబ్ గొట్టం అడుగున ఉండే జెల్లీ. అది క్రిమిని చావనివ్వదు, పెరగనివ్వదు.

ఇంట్లో ఉండేవి: థర్మకోల్ డబ్బా (చేపల అంగడి వాళ్ళది వద్దు, ఎంత కడిగినా పోదు), ఐస్ ప్యాకులు, మందపాటి ప్లాస్టిక్ కవర్లు, కత్తెర, కత్తి, దారం, గ్యాస్ స్టవ్వో స్పిరిట్ దీపమో, చెరగని మార్కర్ పెన్ను, బ్లీచింగ్ పౌడర్, సున్నం.

ఐస్ ప్యాకులు దొరక్కపోతే నీళ్ళ సీసాలు రాత్రి ఫ్రీజర్‌లో పెట్టండి. విడి ఐస్ ముక్కలు వద్దు. కరిగిన నీళ్ళు శాంపిల్ డబ్బాల్లోకి దిగి మొత్తం చెడిపోతుంది.

1. మందు వేయకముందే తీయండి

మిగతా అడుగుల్లో ఏది తప్పినా కొంత సర్దుకోవచ్చు, ఇది తప్పితే సర్దుబాటు లేదు. కోళ్ళు ముడుచుకుని కూర్చోవడం చూడగానే మొదటి పని నీళ్ళ ట్యాంకులో యాంటీబయాటిక్ కలపడం. రెండో రోజు తగ్గకపోతే ఇంకోటి. మూడో రోజు ల్యాబ్. అప్పటికి కోడి ఒంట్లో ఉన్న మందు, ల్యాబ్‌లో క్రిమిని పెంచే ప్లేటు మీద దాన్ని పెరగనివ్వదు. కానీ కోడిలో రోగం అట్లాగే ఉంటుంది. "ఏమీ పెరగలేదు" అన్న రిపోర్టుకు ఎక్కువసార్లు ఇదే కారణం.

ఇప్పటికే మందు వేసేశారా? దాచకండి. ఏ మందు, ఎంత మోతాదు, ఎప్పటి నుంచి అన్నది చీటీలో రాయండి. అదే ఫారంలో మందు తాగని షెడ్డు ఉంటే, అక్కడ కొత్తగా జబ్బుపడిన కోడిని ఎంచుకోండి. పందుల్లో అయితే ఇంకా సూది పడని జంతువు.

కంపెనీ ఇచ్చిన కోళ్ళు పెంచేవాళ్ళకు ఇక్కడ ఒక చిక్కుంది, ఒప్పుకుంటాను. మందు నిర్ణయం సూపర్‌వైజర్ చేతిలో ఉంటుంది, ఆయన వచ్చేలోగా మందు వచ్చేస్తుంది. అయినా సరే, ట్యాంకులో కలిపే ముందు నాలుగు కోళ్ళను పక్కన తీసి పెట్టడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

2. సరైన కోడిని ఎంచుకోండి

అన్నిటికన్నా బాగా చచ్చిన కోడిని తెస్తారు, ఎందుకో! ల్యాబ్‌కి కావలసింది బతికుండి, జబ్బు లక్షణాలు స్పష్టంగా ఉన్న కోళ్ళు మూడు నాలుగు, దాంతోపాటు అప్పుడే చచ్చినవి రెండు. బాగా చిక్కిపోయి మూలన పడివున్న ముసలి రోగి వద్దు. దాని ఒంట్లో పది రకాల క్రిములు చేరి ఉంటాయి. ఏది అసలు దొంగో తెలియదు.

చచ్చిన కోడి అయితే చలికాలంలో నాలుగైదు గంటలు, మన ఎండాకాలంలో రెండు గంటలు లోపల. పొట్ట కింద చర్మం పచ్చగా మారిందా, ఈకలు పట్టుకుంటే ఊడొస్తున్నాయా? ఆ కోడి పనికిరాదు. చచ్చాక పేగుల్లోని క్రిములు గోడ దాటి కార్జంలోకి చేరతాయి. అప్పుడు కార్జంలో ఈ కోలై (పేగుల్లో ఉండే ఒక బ్యాక్టీరియా) దొరికితే అది రోగం చేసిందా, చావు తరువాత వచ్చిందా చెప్పలేరు.

కుళ్ళిన కోడి తప్ప వేరే లేనప్పుడు ఒక దారి ఉంది: తొడ ఎముక. కండ తీసేసి ఎముకను రెండు చివర్లా కీళ్ళతో సహా విరగకుండా పంపండి. లోపలి మూలుగలోకి కుళ్ళు ఆలస్యంగా చేరుతుంది.

3. కోడిని కోడిగానే పంపడం మేలు

తిరుపతికి గంట, గంటన్నర దూరంలో ఉన్నవాళ్ళు కోయొద్దు. చచ్చిన కోడిని సబ్బు నీళ్ళలో ముంచి తీయండి, ఈకల దుమ్ము లేవదు. ఒక కవర్లో పెట్టి మూతి కట్టి, దాన్ని ఇంకో కవర్లో పెట్టండి. కింద ఐస్, పైన ఐస్. బతికున్న వాటిని గాలి ఆడే అట్టపెట్టెలో వేరే తీసుకెళ్ళండి, బస్సులో కాదు. బయల్దేరే ముందు ల్యాబ్‌కి ఫోన్ చేయండి. శనివారం మధ్యాహ్నం చేరితే ఆ కోడి సోమవారం దాకా ఫ్రిజ్జులో పడుంటుంది. పండగ సెలవులూ చూసుకోండి.

కుప్పం వైపు వాళ్ళకు తిరుపతి నాలుగు గంటల దారి. వాళ్ళు దగ్గరి పశువైద్యుడి చేత కోయించి, ఆయన ముందే కింది పద్ధతిలో అవయవాలు తీయించుకోవడం మంచిది. ఆయన చేసేటప్పుడు పక్కనుండి చూడండి, సరిగ్గా జరుగుతోందో లేదో మీకూ తెలియాలి.

4. అవయవాలు తీసే వరస

గుండె, కార్జం ముందు. పేగులు అన్నిటికన్నా చివర. ఈ వరస తిరగబడితే పేగు క్రిమి కత్తికి అంటుకుని అన్నిటికీ పాకుతుంది. పొట్ట కోసేటప్పుడు పేగు తెగితే ఆ కోడిని పక్కన పెట్టి ఇంకోటి తీసుకోండి.

ఈకలు స్పిరిట్‌తో తడిపి, చర్మం తీసి, కొత్త బ్లేడుతో రొమ్ము ఎముక తీయండి. లోపలికి చూడగానే కనిపించింది ఫోన్‌లో ఫొటో తీయండి. ముట్టుకోకముందే. గుండె చుట్టూ, కార్జం మీద తెల్లటి పొర ఉంటే ఈ కోలై అనుమానం. కార్జం ఉబ్బి రాగి చెంబు రంగులో మెరుస్తుంటే ఫౌల్ టైఫాయిడ్ వైపు చూడాలి. కార్జం మీద ఆవగింజల్లా తెల్ల చుక్కలు, గుండె కొవ్వు మీద సన్నటి రక్తపు చుక్కలు ఉంటే కోళ్ళ కలరా అనుకుంటాం. కానీ ఇవన్నీ అనుమానాలే. ఫొటో చూసి మందు చెప్పేవాళ్ళను నమ్మొద్దు, నన్ను కూడా.

ఒక కత్తినో స్పూను వెనక భాగాన్నో మంటలో ఎర్రగా కాల్చి కార్జం మీద అణచండి. పైనున్న బయటి క్రిములు చస్తాయి. కాలిన చోట కొత్త బ్లేడుతో చిన్న గాటు పెట్టి, స్వాబ్ లోపలికి దించి తిప్పి, గొట్టంలో పెట్టి మూయండి. గుండె రక్తానికీ ఇంతే. పక్కనే ఉసిరికాయ అంత కార్జం ముక్క, గోలీకాయ లాంటి ప్లీహం మొత్తం, వేరువేరు యూరిన్ డబ్బాల్లో. అన్నీ ఒకే డబ్బాలో వేస్తే కూరకు పనికొస్తుందేమో గానీ పరీక్షకు కాదు.

గుండె రక్తం ఒక చుక్క స్లైడు మీద పెట్టి ఇంకో స్లైడు అంచుతో పల్చగా లాగండి. ఆరాక కాగితంలో చుట్టండి. దీనికి ఐస్ అక్కర్లేదు, ఎండ, ఈగలు తగలకపోతే చాలు. కోళ్ళ కలరా క్రిమి రంగు వేసి చూస్తే రెండు కొనల్లో మాత్రమే రంగు పట్టి గుర్తుపట్టేలా ఉంటుంది. మిగతా శాంపిల్స్ ప్లేటు మీద పెరగడానికి ఒక రోజు పడుతుంటే, ఈ స్లైడు గంటలో దారి చూపిస్తుంది. ఇంత సులువైన పని ఎవరూ చేయరు!

పేగులకు వేరే లెక్క. రక్తపు పారుడుతో పేగు లోపల టవలు లాగా గరుకుగా ఉంటే క్లాస్ట్రీడియం అనుమానం. అది గాలి తగిలితే పెరగదు. అందుకని పేగు ముక్కను రెండు చివర్లా దారంతో గట్టిగా కట్టి, కట్టిన చోటు బయట కోసి పంపండి. రెండు మూడు అంగుళాలు చాలు. మిగతా రోగాలకు ఉత్త పేగు, ఉత్త పేడ పంపి "ఈ కోలై వచ్చింది" అని రిపోర్టు తెచ్చుకోవడం వృథా. ఆరోగ్యంగా ఉన్న కోడి పేగులో కూడా ఈ కోలై ఉంటుంది.

ముఖం వాచి, కంపుకొట్టే చీమిడి కారే కోళ్ళకు (కొరైజా) కోయడం అక్కర్లేదు. జబ్బు మొదలై ఒకటి రెండు రోజులైన బతికున్న కోడి కావాలి. కంటి కింద వాపులో నుంచి డాక్టరు తీసే స్వాబే పనికొస్తుంది. ఆ క్రిమి సుకుమారం. సాయంత్రానికి ల్యాబ్ చేరాలి. ఇక నెలల తరబడి గురక, తుమ్ములు ఉండే సీఆర్‌డీకి (దీర్ఘకాలిక శ్వాస రోగం) మూలమైన మైకోప్లాస్మా మామూలు ప్లేటు మీద పెరగనే పెరగదు. దానికి రక్తం పంపండి. ల్యాబ్‌కి "మైకోప్లాస్మా కూడా చూడండి" అని రాసి అడగండి, అడగకపోతే చూడరు.

5. పందుల విషయంలో

కోడికన్నా పంది దగ్గర చేతులు జాగ్రత్త. ఎరిసిపెలాస్ క్రిమి వేలి గాటులోంచి దూరితే వేలు ఎర్రగా వాచి వారాలు సలుపుతుంది. స్ట్రెప్టోకాకస్ సూయిస్ అనే దానితో మనిషికి మెదడువాపు లాంటి జ్వరం వచ్చి చెవుడు మిగలొచ్చు. కాబట్టి చేతి మీద గాయం ఉన్నవాళ్ళు ఆ రోజు దూరంగా ఉండాలి. పందిని కోసేది ఎప్పుడూ డాక్టరే, మీరు కాదు. మీ పని సరైనదాన్ని చూపించడం.

పిల్లలు పారుతున్నాయా? పారుడు మొదలై ఒక రోజు దాటని, సూది పడని పిల్లను ఎంచుకుని, ఆసనం లోపలి నుంచి స్వాబ్ తీయించండి. నేల మీద పడ్డ పేడ ఎత్తిపెట్టొద్దు, అందులో కొట్టంలోని అన్ని క్రిములూ ఉంటాయి. ఒకే ఈతలో మూడు నాలుగు పిల్లల నుంచి తీస్తేనే నమ్మకం. ఎన్ని రోజుల పిల్లలన్నది తప్పకుండా రాయండి. పుట్టిన మూడో రోజు పారుడుకీ, తల్లి నుంచి విడదీసిన వారం తరువాత పారుడుకీ ల్యాబ్ వెతికేది వేరు.

చర్మం మీద ఎర్రటి డైమండ్ ఆకారపు మచ్చలు (చేయి పెట్టి తడిమితే కొంచెం ఉబ్బెత్తుగా తగులుతాయి) ఉంటే ఎరిసిపెలాస్. ప్లీహం, మూత్రపిండం, గుండె, కుంటుతున్న పంది అయితే కీలులోని నీరు. దగ్గు, ఆయాసంతో చచ్చినవాటి ఊపిరితిత్తుల్లో గట్టిపడిన చోటూ బాగున్న చోటూ కలిసే అంచు దగ్గర ముక్క తీయాలి. పూర్తిగా చెడిపోయిన నడిమధ్య ముక్కలో చీము తప్ప ఏమీ దొరకదు. తల వాల్చి, కాళ్ళు సైకిల్ తొక్కినట్టు కొట్టుకుంటూ చచ్చిన పిల్లల్లో మెదడు స్వాబ్ అడగండి.

చూడి పంది ఈసుకుపోతే పడిన పిండాన్ని, మావిని మొత్తం రెండు కవర్లలో. గ్లౌజులు, మాస్కు లేకుండా దగ్గరికి పోవద్దు, ఇంట్లో గర్భిణీలను అసలు రానివ్వొద్దు. బ్రూసెల్లా, లెప్టోస్పైరా రెండూ మనుషులకు వచ్చేవే. లెప్టోకు తల్లి రక్తం ఈరోజు ఒకసారి, రెండు మూడు వారాలకు ఇంకోసారి తీస్తే రెండింటినీ పోల్చి చెబుతారు. రెండో ట్యూబు ఎవరూ తేరు. అందుకే చాలా కేసులు సగంలో ఆగిపోతాయి.

పందిలో ఏ శాంపిల్ తీసినా దాంతోపాటు ఊదా మూత ట్యూబులో రక్తం పంపించండి. బ్యాక్టీరియా దొరికినంత మాత్రాన వెనక స్వైన్ ఫీవర్ లేదని కాదు. వైరస్ ఒంటిని బలహీనం చేస్తే బ్యాక్టీరియా దాని మీద ఎక్కుతుంది.

6. రక్తం ట్యూబు

ఎర్ర మూత ట్యూబులో రెండు మూడు మిల్లీలీటర్లు. కోడికి రెక్క సిర. తీశాక ట్యూబును ఏటవాలుగా, నీడలో గంట రెండు గంటలు వదిలేయండి. రక్తం గడ్డకట్టి పైన గడ్డి రంగు నీరు తేలుతుంది, పరీక్షకు కావలసింది అదే. తీసిన వెంటనే ఐస్‌లో పెడితే సరిగ్గా గడ్డకట్టదు. ఫ్రీజర్‌లో పెడితే రక్తకణాలు పగిలి నీరంతా ఎర్రగా మారుతుంది, ఇక దాంతో ఏమీ చేయలేరు. గుంపులో ఒక్క కోడి రక్తం కాదు, పది పదిహేను కోళ్ళవి కావాలి.

7. చీటీ

నా అభిప్రాయంలో సగం రోగనిర్ధారణ చీటీలోనే ఉంటుంది. "కోడి, 1, చనిపోయినది" అని రాసిన చీటీలు చూసీ చూసీ విసుగొచ్చింది. ఇవి రాయండి: ఊరు, మండలం, ఫోన్ నంబరు. ఎన్ని కోళ్ళు (పందులు) ఉన్నాయి, వయసు ఎన్ని రోజులు, ఏ తేదీ నుంచి రోజుకు ఎన్ని చచ్చాయి (రోజువారీ అంకెలు, "చాలా" అని కాదు). ఏ టీకాలు ఎప్పుడు వేశారు. వేసిన మందులు. నీళ్ళు బోరువా, ట్యాంకరువా. మేత మారిందా, ఎప్పుడు. పందులకు హోటల్ ఎంగిలి పెడుతున్నారా, ఉడకబెట్టి పెడుతున్నారా.

డబ్బాల మీద మార్కర్‌తో కోడి నంబరు, అవయవం, తేదీ, వేళ. కాగితం అంటిస్తే ఐస్ తడికి ఊడిపోతుంది. చీటీని విడిగా ప్లాస్టిక్ కవర్లో పెట్టి థర్మకోల్ డబ్బా మూత లోపలి వైపు అతికించండి.

8. చల్లగా, కానీ గడ్డకట్టకుండా

2 నుంచి 8 డిగ్రీలు. అంటే ఫ్రిజ్జులో పాల ప్యాకెట్ ఉండే అర, ఐస్‌క్రీమ్ ఉండే అర కాదు. శాంపిల్ డబ్బాలకూ ఐస్‌కూ మధ్య మడిచిన వార్తాపత్రిక పెట్టండి. 24 గంటల లోపల చేరాలి.

ఫార్మలిన్ గురించి ఒక మాట. ల్యాబ్‌లో చేరిన కొత్తలో నేనే ఒకసారి, దూరం నుంచి వచ్చిన పంది కార్జాన్ని "చెడిపోకుండా" ఉంటుందని ఫార్మలిన్‌లో వేసి, మరుసటి రోజు దాన్ని ప్లేటు మీద రుద్దాను. మా పెద్దాయన నవ్వలేదు, తిట్టలేదు, ఆ ప్లేటును వారం రోజులు నా బల్ల మీదే ఉంచారు. శుభ్రమైన ఖాళీ ప్లేటు. ఫార్మలిన్ పడితే క్రిమి చస్తుంది. ఉప్పు, వెనిగర్, డెట్టాల్ అన్నీ అంతే. సూక్ష్మదర్శినిలో కణజాలం చూసే పరీక్షకు మాత్రం ఫార్మలిన్ కావాలి. దానికి అర సెంటీమీటరు మందం ముక్క, దాని పరిమాణానికి పదింతలు ఫార్మలిన్, వేరే డబ్బాలో, వేరే సంచీలో.

9. తరువాత శుభ్రం

కోసిన చోట బ్లీచింగ్ నీళ్ళు పోసి అరగంట ఆగండి. కళేబరాలు బోరుకు, బావికి దూరంగా ఆరడుగుల గుంటలో, కింద పైన సున్నంతో. కోళ్ళు రెండు మూడే అయినా కుక్కలు తవ్వలేనంత లోతు తీయండి. వాగులోకి, రోడ్డు పక్కకు విసిరే అలవాటు ఊరంతటికీ రోగం పంచిపెడుతుంది. ఆ బట్టలతో, ఆ చెప్పులతో ఇంకో షెడ్డుకు పోవద్దు.

10. రిపోర్టు చదవడం

ఒక రోజు క్రిమి పెరగడానికి, ఒకటి రెండు రోజులు అదేమిటో తేల్చడానికి, ఇంకో రోజు మందుల పరీక్షకు. మూడు నాలుగు రోజులు పడుతుందనుకోండి. ఈలోగా ఏం వాడాలో మీ డాక్టరు చెబుతారు. రిపోర్టు వచ్చాక మార్చుకోవచ్చు.

"ఒకే రకం, దట్టంగా పెరిగింది" అని ఉంటే, అదీ మూడు కోళ్ళ గుండెలోనూ అదే దొరికితే, నమ్మొచ్చు. "మిశ్రమంగా పెరిగింది" అని ఉంటే శాంపిల్ కుళ్ళిందనో, పేగు తగిలిందనో అర్థం. దాని మీద మందు కొనొద్దు, మళ్ళీ తీయండి. "పెరగలేదు" అంటే రోగం లేదని కాదు. మందు తాగిన కోడి కావచ్చు, ఐస్‌లో గడ్డకట్టి ఉండొచ్చు, వైరస్ కావచ్చు, మైకోప్లాస్మా కావచ్చు.

మందుల పరీక్షలో క్రిమి పరచిన ప్లేటు మీద మందు పట్టించిన చిన్న కాగితపు బిళ్ళలు పెడతారు. రాత్రంతా ఉంచి, బిళ్ళ చుట్టూ క్రిమి పెరగని వలయాన్ని మిల్లీమీటర్లలో కొలుస్తారు. అందరూ చేసే తప్పు ఇక్కడుంది: ఎక్కువ అంకె ఉన్న మందు ఎక్కువ బలమని కొనేస్తారు. ఒక్కో మందుకు గీత ఒక్కో చోట ఉంటుంది. 18 వచ్చిన మందు పనిచేయవచ్చు, 20 వచ్చినది పనిచేయకపోవచ్చు. అంకె వదిలేసి, పక్కన "పనిచేస్తుంది, మధ్యస్థం, పనిచేయదు" అన్న గుర్తు మాత్రమే చూడండి.

ఇంకో చిక్కు. ప్లేటు మీద పనిచేసిన మందు కోడి ఒంట్లో పనిచేయాలని లేదు. జెంటామైసిన్, నియోమైసిన్ నీళ్ళలో తాపితే పేగు దాటి రక్తంలోకి పెద్దగా చేరవు. గుండె చుట్టూ పొర కట్టిన కోడికి వాటిని తాపి లాభం లేదు. టెట్రాసైక్లిన్ రకాలు, ఎన్రోఫ్లాక్సాసిన్ కాల్షియం ఎక్కువున్న నీళ్ళలో బలం కోల్పోతాయి. కఠినమైన బోరు నీళ్ళున్న చోట ఇది పెద్ద సమస్య. డాక్టరుకు మీ నీళ్ళ సంగతి చెప్పండి. కొలిస్టిన్ ఎవరైనా ఇవ్వబోతే తీసుకోవద్దు. మనుషుల్లో చివరి అస్త్రంగా దాచుకున్న మందు అది, 2019 జులైలో కేంద్రం కోళ్ళకు, ఆహారం కోసం పెంచే పశువులకు, వాటి మేతకు నిషేధించింది.

మందు మొదలుపెట్టిన రోజు నుంచి షెడ్డు గోడ మీద రోజువారీ చావులు రాయండి. పనిచేసే మందు అయితే రెండు మూడు రోజుల్లో అంకె దిగడం మొదలవుతుంది. దిగకపోతే మోతాదు మీరే పెంచకుండా రిపోర్టు పట్టుకుని మళ్ళీ డాక్టరు దగ్గరికి. దిగితే, డాక్టరు చెప్పినన్ని రోజులూ పూర్తి చేయండి. ఆపైన మందు ఒంట్లోంచి పోయే గడువు ఎన్ని రోజులో సీసా మీద చూసి, ఆ తరువాతే లోడు ఎత్తండి.

రిపోర్టు పారేయకండి. వచ్చే బ్యాచ్‌లో ఇదే జబ్బు వస్తే డాక్టరు మొదట అడిగేది అదే. ల్యాబ్ వాళ్ళు "ఈ క్రిమిని మా దగ్గర దాచిపెట్టుకోవచ్చా" అని అడిగితే సరే అనండి. మన జిల్లాలో ఏ మందు పని చేయడం మానేస్తోందో తెలిసేది అట్లా దాచిన గొట్టాల నుంచే.